పాఠశాలల్లో వ్యాయామ విద్య – దాని ఆవశ్యకత

విద్య యొక్క లక్ష్యం మానవుని సర్వతోముఖ వికాసమని విద్యావేత్తలందరూ అంగీకరిస్తారు. శరీరం, బుద్ధి, మనస్సు – ఈ మూడూ సమపాళ్ళలో పెంపొందినప్పుడే విద్య సఫలమైనట్లు. అయినా మన పాఠశాలల కాలపట్టికను పరిశీలిస్తే, ఈ మూడింటిలో మొదటిదానికి దక్కుతున్న స్థానం కడపటిది. వారానికి రెండు ఆటల పీరియడ్లు కాగితం మీద కనిపిస్తాయి. పరీక్షలు సమీపించగానే ఆ రెండింటినీ గణితమో, ఆంగ్లమో ఆక్రమించుకుంటుంది. అందుకు విద్యార్థి తండ్రి అభ్యంతరం చెప్పడు. ప్రధానోపాధ్యాయుడు సంజాయిషీ అడగడు. లెక్కల పీరియడును ఆటలకు ఇస్తే మాత్రం మరునాడే ఫిర్యాదు వస్తుంది. ఈ తారతమ్యం ఎందుకు ఏర్పడింది, అది ఎంతవరకు సమంజసం అనే విషయాన్ని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాటలు చెప్పే చరిత్ర

చదివితే నవాబు కావచ్చుననీ, ఆటపాటల్లో పడితే చెడిపోతారనీ ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో పెద్దలు పిల్లలను మందలించే సామెత ఒకటి ఉన్నది. తెలుగు ఇళ్ళలోనూ ఇంచుమించు ఇదే మందలింపు వినిపిస్తుంది. కానీ ఈ రెండు భాషలూ కలిసి కాపాడుకొన్న మాటలు మరొక కథ చెబుతాయి. ఉర్దూలో 'తాలీమ్' అంటే విద్య. అదే మాట తెలుగులోనికి వచ్చి 'తాలింఖానా' అయినప్పుడు దానికి కసరత్తు చేసే స్థలమని అర్థం. అనగా మన పూర్వులు అక్షరాలు నేర్చే పనికీ, శరీరాన్ని తీర్చిదిద్దుకొనే పనికీ ఒకే పేరు పెట్టుకొన్నారు. కసరత్తు, కుస్తీ, పైల్వాను, మైదానం – ఇవన్నీ ఉర్దూ ద్వారా వచ్చి తెలుగులో ఇంటి మాటలైపోయినవే. ఇక చెడుగుడు, సాము, గరిడీ, బిళ్ళంగోడు, కోతికొమ్మచ్చి వంటివి పల్లెసీమలు వాడుకలో నిలుపుకొన్న మాటలు. ఇంత పదసంపద ఉన్న జాతికి వ్యాయామం పరాయి విద్య కాదు. మధ్యలో ఎక్కడో మనమే దానిని బడి గోడకు ఆవల నిలబెట్టినాము.

వ్యాయామ విద్య అనగానేమి?

వ్యాయామం, క్రీడ, వ్యాయామ విద్య – ఈ మూడు మాటలను మనం తరచుగా కలిపివేస్తాము. వీటి మధ్య భేదాన్ని ముందుగా గ్రహించాలి. శరీరానికి శ్రమ కలిగించే క్రమబద్ధమైన కదలిక వ్యాయామం. నియమాలతో, గెలుపు ఓటములతో కూడినది క్రీడ. ఈ రెండింటినీ సాధనాలుగా చేసుకొని, పిల్లవానికి తన శరీరాన్ని గురించిన జ్ఞానాన్నీ, దానిని జీవితాంతం కాపాడుకొనే అలవాటునూ నేర్పే బోధన వ్యాయామ విద్య.

ఈ భేదం తెలియకపోవడం వల్ల ఒక పొరపాటు జరుగుతున్నది. ప్రధానోపాధ్యాయుని గదిలో వెండి కప్పులు వరుసగా ఉంటే, ఆ పాఠశాలలో వ్యాయామ విద్య చక్కగా సాగుతున్నదని మనం భావిస్తాము. కాని ఆ కప్పులు గెలిచినవారు పది, పదిహేను మంది. మిగిలిన వందల మంది గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టినవారే. పరుగెత్తగలిగిన వానికి మరింత పరుగు నేర్పి, పరుగెత్తలేని వానిని ప్రేక్షకునిగా మిగల్చడం విద్య కాదు. చక్కగా చదివే పదిమందికి మాత్రమే గణితం బోధించి, తక్కినవారిని చూస్తూ కూర్చోమనే ఉపాధ్యాయుని మనం సహిస్తామా? ఆట స్థలంలో మాత్రం దీనిని నిత్యం సహిస్తున్నాము. వ్యాయామ విద్య మొదట జట్టులో చోటు దొరకని పిల్లల కొరకు. ఆ తరువాతనే జట్టు కొరకు.

శరీరానికి కలిగే మేలు

విశ్రాంతిగా ఉన్నప్పుడు మన గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని శరీరానికి అందిస్తుంది. ఆరోగ్యవంతుడైన యువకుడు వేగంగా పరుగెత్తేటప్పుడు అది 20 లీటర్లకు చేరుతుంది. అభ్యాసం వల్ల గుండె కండరం బలపడి, ఒక్కొక్క స్పందనలో ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. అందుచేతనే మంచి క్రీడాకారుని నాడి విశ్రాంతి సమయంలో తక్కువసార్లు కొట్టుకుంటుంది. కండరాలు చక్కెరను వినియోగించుకొనే శక్తి పెరుగుతుంది. గెంతడం, దూకడం, బరువు మోయడం వంటి పనుల వల్ల ఎముకలు గట్టిపడతాయి. ఎముకల బలంలో అత్యధిక భాగం ఇరవై ఏళ్ళ లోపున సమకూరేదే. ఆ వయస్సులో కూడబెట్టుకొన్నదే వార్ధక్యంలో ఖర్చుకు వస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

5 నుండి 17 సంవత్సరాల వయస్సు గల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒక మోస్తరు నుండి తీవ్రమైన శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కండరాలకూ ఎముకలకూ బలమిచ్చే వ్యాయామాలు వారానికి కనీసం మూడు రోజులైనా ఉండాలన్నది. అయితే 2016 నాటి వివరాలను పరిశీలించగా, ప్రపంచంలోని 11–17 ఏళ్ళ బాలబాలికల్లో 81 శాతం మంది ఈ మేరకు శ్రమ చేయడం లేదని ఆ సంస్థ పరిశోధకులు తేల్చినారు. మన దేశంలో పది కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో వెల్లడించింది. వ్యాయామం ఒక్కటే ఈ వ్యాధికి విరుగుడు కాకపోవచ్చు. కాని శ్రమలేని జీవితం దానికి దారితీసే ముఖ్య కారణాలలో ఒకటని వైద్యులు నిశ్చయంగా చెబుతున్నారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడాలి. రోజుకు 60 నిమిషాల చొప్పున వారానికి 420 నిమిషాల శ్రమ అవసరం. బడిలో 45 నిమిషాల పీరియడ్లు రెండు జరిగినా అయ్యేది 90 నిమిషాలే. అనగా అవసరంలో సుమారు అయిదవ వంతు. కనుక ఆటల పీరియడు పిల్లవానికి కావలసిన శ్రమనంతా ఇవ్వజాలదు. అది ఇవ్వగలిగినది అలవాటు, ఆసక్తి, పద్ధతి. మిగిలిన నాలుగు వంతులను పిల్లవాడు నడకలో, సైకిలు మీద, వీధిలోని ఆటలో తానే పూర్తి చేసుకోవాలి. ఆ అయిదవ వంతును కూడా పరీక్షల పేరుతో తీసివేస్తే మిగిలిన నాలుగింటికీ బీజమే లేకుండా పోతుంది.

చదువుకు ఆటంకమా?

ఆటల వల్ల చదువు వెనుకబడుతుందన్న భయం తల్లిదండ్రుల్లో బలంగా ఉన్నది. ఈ భయాన్ని తేలికగా కొట్టివేయరాదు. పేద కుటుంబంలో పదవ తరగతి మార్కులు ఒక బ్రతుకుతెరువుకు ద్వారం. ఆ తండ్రి ఆందోళన న్యాయమైనదే. కాని ఆయన ఊహించిన కారణం సరియైనది కాదు. వ్యాయామానికి సమయం కేటాయించినందువల్ల విద్యార్థుల మార్కులు తగ్గలేదనీ, కొన్నిచోట్ల మెరుగుపడినాయనీ అనేక దేశాల్లో జరిగిన పరిశీలనలు తెలుపుతున్నాయి. వరుసగా నాలుగు గంటలు బల్ల మీద కూర్చున్న విద్యార్థి అయిదవ గంటలో పుస్తకం వైపు చూస్తాడే కాని చదవడు. అతనికి మరొక గంట బోధన కలపడం నిండిన కుండలో నీరు పోయడం వంటిది. అదే సమయంలో మైదానంలో చెమటోడ్చి వచ్చినవానికి ఏకాగ్రత కుదురుతుంది; రాత్రి గాఢనిద్ర పడుతుంది. నిద్ర చాలని విద్యార్థికి నేర్చినది జ్ఞాపకముండదన్నది ప్రతి ఉపాధ్యాయుడూ ఎరిగిన విషయమే.

శీలనిర్మాణం మాట కూడా చెప్పుకోవాలి. ఆటలు ఆడినవారందరూ సచ్చీలురు అవుతారని చెప్పలేము. మోసం చేసి గెలవడం కూడా మైదానంలోనే నేర్చుకోవచ్చు. నిర్ణేత మాటను శిరసావహించడం, ఓడిన తరువాత చేయి కలపడం, తనకన్న బలహీనుని జట్టులో కలుపుకోవడం – వీటిని ఉపాధ్యాయుడు ప్రయత్నపూర్వకంగా నేర్పితేనే వస్తాయి. అందుకే బంతిని పిల్లల మధ్య విసరివేసి తాను చెట్టు నీడన కూర్చుంటే వ్యాయామ విద్య కాజాలదు. పక్కనే నిలిచి నేర్పే గురువు ఉండాలి.

ఒక పాఠశాల ఉపాధ్యాయుని ఉదాహరణ

అటువంటి గురువు ఒకరు మన హైదరాబాదులోనే ఉండేవారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించినారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో క్రీడల బాధ్యతను వహించినారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయినారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1 గోల్స్ తేడాతో ఓడించి మరల స్వర్ణ పతకం పొందింది. అప్పటికే క్యాన్సరు వ్యాధితో బాధపడుతున్న రహీం సాహెబు 1963 జూన్ 11న మరణించినారు. ఆయన జీవితం ఆధారంగా 2024లో ఒక హిందీ చలనచిత్రం కూడా వెలువడింది.

ఈ విజయాలకంటె మనకు ముఖ్యమైనది ఆయన బోధనా పద్ధతి. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలన్న నియమంతో ఆయన పోటీలు నిర్వహించేవారు. బంతిని తన వద్దనే ఉంచుకొని ఒంటరిగా దొర్లించుకొనిపోరాదనీ, తోటివానికి అందించాలనీ నియమం పెట్టి మరికొన్ని పోటీలు జరిపించినారు. ఇవి చూడడానికి చిన్న నియమాలు. కాని వాటి వెనుక ఒక ఉపాధ్యాయుని దృష్టి ఉన్నది. బలమైన కాలు ఎవరూ నేర్పకున్నా తన పని తాను చేసుకుపోతుంది. గురువు అవసరం బలహీనమైన కాలికే. బడి మైదానంలో నలభై, యాభై మంది పిల్లలను ఎదుట పెట్టుకొని నేర్పేవాడు ఎవరిని ముందుగా చూడాలో ఈ ఒక్క ఉదాహరణ చెప్పగలదు. దేశానికి రెండు స్వర్ణ పతకాలు తెచ్చిన ఆ శిక్షకుడు ఒక డ్రిల్లు మాస్టారని మరువరాదు. మన పాఠశాలల్లో ఈనాటికీ ఆ పేరును కొందరు చులకనగా పలుకుతారు.

తెలుగునాట ఇటువంటి మరొక మహనీయుడు కోడి రామమూర్తినాయుడు. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టి, మల్లవిద్యలోనూ సర్కసు ప్రదర్శనల్లోనూ అఖండ ఖ్యాతి గడించి 'కలియుగ భీముడు' అనిపించుకొన్న ఆయన కూడా తొలి రోజుల్లో విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులే.

బాలికల సంగతి

వ్యాయామ విద్యలో మనం అందరికంటె ఎక్కువగా అన్యాయం చేస్తున్నది బాలికలకు. ఏడవ తరగతి వరకు తొక్కుడుబిళ్ళ ఆడిన పిల్ల ఎనిమిదవ తరగతికి రాగానే తరగతి కిటికీలో నుండి మైదానాన్ని చూడడం మొదలుపెడుతుంది. ఎముకలు బలపడవలసిన వయస్సు అదే. రక్తహీనత, నీరసం ప్రారంభమయ్యే వయస్సూ అదే. మన కుటుంబాల మర్యాదలకు భంగం కలుగుతుందన్న సంకోచం దీనికి ఒక కారణం. ఆ సంకోచాన్ని గౌరవిస్తూనే దానికి మార్గం చూపవచ్చు. బాలికలకు ప్రత్యేక సమయం, చాటైన స్థలం, అనుకూలమైన దుస్తులు, మహిళా వ్యాయామోపాధ్యాయిని, శుభ్రమైన మరుగుదొడ్డి – ఈ అయిదూ సమకూరిస్తే అనుమతి నిరాకరించే తల్లిదండ్రుల సంఖ్య చాలా తగ్గుతుంది. అవి సమకూర్చకుండానే తల్లిదండ్రులు పంపడం లేదని చెప్పడం న్యాయం కాదు.

నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ మొదట పరుగుపందాల్లో అభ్యాసం చేసి, తరువాత బాక్సింగు క్రీడలో ప్రవేశించింది. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ విజేతగా నిలిచింది. స్వయంగా క్రీడాకారుడైన తండ్రి ఆమెకు తొలి ప్రోత్సాహమిచ్చినారు. శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో 240 కిలోల బరువెత్తి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయినది. ప్రతి బాలికా ప్రపంచ విజేత కానక్కరలేదు. కాని ఈ ఇద్దరికీ ఇంట లభించిన ప్రోత్సాహం ఇంట లభించని పిల్లకు బడిలోనైనా లభించాలి. పాఠశాల ఉన్నది అందుకొరకే.

చట్టం ఏమంటున్నది?

వ్యాయామ విద్య, క్రీడలు ప్రతి మానవుని హక్కు అని యునెస్కో 1978లోనే ఒక ప్రకటన పత్రం ద్వారా చాటింది. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలకు ఆటస్థలం ఉండాలని అనుబంధంలో పేర్కొన్నది. ఆరు నుండి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్నచోట ఆరోగ్య, వ్యాయామ విద్యకు పాక్షిక కాల బోధకుడు ఉండాలని కూడా అందులో ఉన్నది. ఆటలనూ చదువునూ వేరుగా చూడరాదని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పింది. విద్యాహక్కు చట్టం అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పిన మాట నిజమే. ఆ తీర్పు మన సంస్థల స్వేచ్ఛను కాపాడడానికి ఉద్దేశించినది. అంతమాత్రాన మన పిల్లల గుండెకూ, కండరాలకూ మినహాయింపు లభించదు. ఇతరులు చట్టానికి జంకి చేసే పనిని మనం బాధ్యతగా ఎంచి చేయడమే మనకు గౌరవం.

స్థలం లేదు, సామగ్రి లేదు అనువారికి

మైదానం లేదన్నది సర్వసాధారణమైన అభ్యంతరం. నగరాల్లో ఇది నిజమైన ఇబ్బంది. అయినా ఫుట్‌బాల్ మైదానం ఉంటేనే వ్యాయామ విద్య సాగుతుందన్న భావన సరికాదు. పురుషుల కబడ్డీ మైదానం కొలత 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఖోఖోకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు చాలును. రెండు కబడ్డీ మైదానాలు, ఒక ఖోఖో మైదానం కలిపి 700 చదరపు మీటర్లకు లోపే. ఇది ఒక ఫుట్‌బాల్ మైదానంలో పదవ వంతు. పిల్లల వయస్సును బట్టి కొలతలు ఇంకా తగ్గించుకోవచ్చు. ఫుట్‌బాల్ ఆడిస్తే 48 మంది గల తరగతిలో 22 మంది ఆడి 26 మంది చూస్తారు. అదే తరగతిని రెండు కబడ్డీ ఆటలకు 28 మంది, ఒక ఖోఖో ఆటకు 18 మంది చొప్పున విభజిస్తే 46 మంది ఆడుతారు. మిగిలిన ఇద్దరూ నిర్ణేతలు. ఖర్చు కొద్దిపాటి సున్నం, రెండు గుంజలు.

45 నిమిషాల పీరియడును ఎట్లా వినియోగించవచ్చో ఒక నమూనా ఇక్కడ ఇస్తున్నాను. మొదటి 3 నిమిషాలు హాజరు, ఒంట్లో నలతగా ఉన్నవారి విచారణ. తరువాత 7 నిమిషాలు నెమ్మది పరుగు, కీళ్ళ కదలికలతో శరీరాన్ని వేడెక్కించడం. పిదప 16 నిమిషాలు తరగతిని పన్నెండేసి మంది గల నాలుగు బృందాలుగా చేసి తాడాట, నిలుచున్నచోటి నుండి దూకడం, బంతి అందించుకోవడం, దండీలు–బస్కీలు అనే నాలుగు అభ్యాసాలను నాలుగేసి నిమిషాల చొప్పున మార్చి మార్చి చేయించడం. అటుపై 14 నిమిషాలు ఆట. చివరి 5 నిమిషాలు నెమ్మది నడక, దీర్ఘశ్వాస. ఈ క్రమంలో ఖాళీగా నిలబడే పిల్లవాడు ఉండడు. కాలు చాలనివానికి కూర్చుని చేసే బంతి అభ్యాసం, ఉబ్బసం ఉన్నవానికి వైద్యుని సలహా మేరకు తగ్గించిన పరుగు ఏర్పాటు చేయవచ్చు.

మన ఎండలను కూడా గమనించాలి. ఫిబ్రవరి దాటిన తరువాత ఆటల పీరియడును మధ్యాహ్నం పెట్టడం అపాయకరం. ఉదయం మొదటి పీరియడో, సాయంకాలం చివరిదో కేటాయించి, త్రాగునీరు దగ్గర ఉంచాలి. రంజాన్ మాసంలో ఉపవాసమున్నవారికి పరుగులు మాన్పించి, తేలికపాటి అభ్యాసాలతో పాటు ఆటల నియమాలు, ప్రథమ చికిత్స బోధించవచ్చు.

విద్యార్థులకు, పాలకవర్గానికి

విద్యార్థులారా! మీలో పలువురు కొద్ది సంవత్సరాల్లో ఉపాధ్యాయులు కాబోతున్నారు. మీరు బోధించేది చరిత్ర కావచ్చు, గణితం కావచ్చు. పరీక్షల ముందు ఆటల పీరియడును అడిగి తీసుకొనే అవకాశం మీకు తప్పక వస్తుంది. ఆనాడు ఆ 45 నిమిషాలు మీవి కావనీ, మీ సహోపాధ్యాయునివి కూడా కావనీ, పిల్లలవనీ జ్ఞప్తికి తెచ్చుకొనండి. అంతవరకు ఆగనక్కరలేదు కూడా. రోజుకు అరగంట వేగంగా నడవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

పాలకవర్గం వారికి సవినయంగా ఒక మనవి. ప్రతి ఏటా విద్యార్థుల సంఖ్య పెరిగినప్పుడు కొత్త గదుల అవసరం కలుగుతుంది. అప్పుడు అందరి దృష్టీ ఖాళీగా కనిపించే ఆటస్థలం మీద పడుతుంది. గదిని మిద్దె మీద మరొక అంతస్తుగా కట్టుకోవచ్చు. మైదానాన్ని మిద్దె మీద కట్టుకోలేము. ఒకసారి పోయిన మైదానం తిరిగి రాదు. ఉన్న స్థలాన్ని కాపాడటం, ఒక మహిళా వ్యాయామోపాధ్యాయినిని నియమించటం, కాలపట్టికలోని ఆటల పీరియడును పరీక్షల కాలంలో సైతం కదిలించరాదని తీర్మానించటం – ఈ మూడూ పెద్ద వ్యయంతో కూడిన పనులు కావు. వీటిలో మూడవదానికి పైసా ఖర్చు లేదు.

తాలీమ్ అన్న మాటకు మన రెండు భాషలూ ఇచ్చిన రెండు అర్థాలూ ఒకే బడిలో, ఒకే కాలపట్టికలో, ఒకే పిల్లవాని జీవితంలో కలిసి ఉండగలిగిననాడు మన విద్య సంపూర్ణమవుతుంది.